వలసదారుల పంపివేత – ఖైదీల మార్పిడి

వార్తలు వినువారి చెవిని ఈ మధ్య రెండు మాటలు జంటగా పడుచున్నవి. వలసదారులను దేశమునుండి పంపివేయుట ఒకటి. దేశముల మధ్య ఖైదీల మార్పిడి రెండవది. నిజమునకు వీనికి ఒకదానితో నొకటి పొత్తు లేదు. తన గడప లోపల ఎవరు ఉండవచ్చునో నిర్ణయించుకొనుటకు ప్రతి దేశమునకును గల అధికారమునుండి మొదటిది పుట్టినది. రెండవది తమ చెరలలో నున్న మనుష్యులను గూర్చి రెండు ప్రభుత్వములు కుదుర్చుకొను బేరము. అయినను 2025వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములు, ఎల్ సాల్వడోరు, వెనిజులా దేశముల నడుమ నడచిన వ్యవహారములో ఈ రెండును ఒకే తాడుగా పెనవేసికొనెను. మార్చి నెలలో వలసదారులుగా విమానమెక్కినవారు జూలై నెలలో మార్పిడి ఖైదీలుగా దిగిరి. నడుమ నాలుగు నెలలలో ఏమి జరిగెనో తెలిసికొన్నచో ఈ వివాదము ఇంతగా ఎందులకు పెరిగెనో బోధపడును.

ముందుగా మాటలను విడదీసికొందము. వార్తలను తెలుగులోనికి దించువారికి 'డిపోర్టేషన్' అను మాట ఎప్పుడును చిక్కే. దేశబహిష్కరణ మన్నచో రాజులు ద్రోహులకు విధించిన శిక్షవలె వినబడును. త్రిప్పి పంపుట యన్నచో చిరునామా తప్పిన ఉత్తరమును తపాలావారు వెనుకకు పంపినట్లుండును. మన మనస్సు మొదటి అర్థమునకు మొగ్గినను చట్టము రెండవదానికే చేరువ. అనుమతి లేకయో, అనుమతి గడువు దాటియో నివసించుచున్న విదేశీయుని అతని దేశమునకు చేర్చుటయే దీని భావము. అమెరికాలో ఇది సివిలు వ్యవహారమే గాని నేరమునకు విధించు శిక్ష కాదు. 2025 ఫిబ్రవరి 5వ తేదీన ఒక అమెరికా సైనిక విమానము 104 మంది భారతీయులను అమృతసరులో దించినది. వారిని చేతులకు బేడీలు, కాళ్లకు సంకెళ్లు వేసి తెచ్చిరని మన పార్లమెంటులో గొప్ప అలజడి చెలరేగెను. ఆ ఆగ్రహము న్యాయమైనదే. కాని ఆ మనుష్యులు దిగిన నేల తమ నేల. అప్పులును అవమానమును వారి వెంట వచ్చెను గాని, పంపివేతకై మరొక చెరసాల వారికొరకు కాచుకొని యుండలేదు.

ఇక మార్పిడి. 1962 ఫిబ్రవరి 10వ తేదీన బెర్లిను అంచున గ్లీనికె వంతెనమీద జరిగినది లోక ప్రసిద్ధము. ఒక కొననుండి సోవియట్ గూఢచారి రుడోల్ఫ్ ఏబెల్, రెండవ కొననుండి అమెరికా వైమానికుడు గారీ పవర్స్ నడచి ఎవరి పక్షమునకు వారు చేరిరి. ఏబెలునకు 30 ఏండ్లు, పవర్సునకు 10 ఏండ్లు కోర్టులు విధించిన శిక్ష అప్పటికి నడచుచున్నది. ఇవిగాక, శిక్షపడిన ఖైదీ మిగిలిన కాలమును తన దేశపు జైలులో గడుపుటకు వీలు కల్పించు ఏర్పాటొకటి కలదు. 1983 నాటి స్ట్రాస్‌బర్గు ఒడంబడిక దీనికి ఆధారము. మన దేశమునకు 2003లో వేరుగా చట్టము వచ్చెను. ఇందులో రెండు ప్రభుత్వములు ఒప్పుకొన్నంత మాత్రమున చాలదు, ఖైదీ కూడ ఒప్పుకొనవలెను.

చూచితిమి గదా! పంపివేతకు ముందు ఒక విచారణ, చెరకు ముందు ఒక తీర్పు, బదిలీకి ముందు ఒక సమ్మతి ఉండవలెనని లోకము మెల్లమెల్లగా అలవాటు చేసికొన్నది. మనుష్యుడు తన మాట తాను చెప్పుకొనుటకు ఎక్కడనో ఒక చోటు ఉండవలెనన్నదే ఈ అలవాటు వెనుక నున్న తలంపు.

2025 మార్చి 15వ తేదీ శనివారము. 1798లో జాన్ ఆడమ్స్ అధ్యక్షుడుగా నున్నప్పుడు చేసిన శత్రుదేశీయుల చట్టమును ప్రయోగించుచున్నట్లు అధ్యక్షుడు ట్రంపు ప్రకటన ఆ దినమున వెలువడెను. యుద్ధము ప్రకటింపబడినప్పుడుగాని, ఒక పరరాజ్యము దండెత్తి వచ్చినప్పుడుగాని ఆ రాజ్యపు ప్రజలను నిర్బంధించి పంపివేయుటకు ఆ చట్టము అధ్యక్షునికి అధికార మిచ్చుచున్నది. అంతకు మునుపు దానిని మూడు పర్యాయములే వాడిరి: 1812 యుద్ధమున, మొదటి ప్రపంచ యుద్ధమున, రెండవ ప్రపంచ యుద్ధమున. నాలుగవ పర్యాయము శత్రువు ఒక రాజ్యము కాదు, వెనిజులా దేశపు టొకొరోన్ జైలులో పుట్టిన 'ట్రెన్ దే అరాగువా' అను ముఠా. ఆ ముఠా వెనిజులా ప్రభుత్వముతో పెనవేసికొన్నదనియు, దాని రాక దండయాత్రతో సమానమనియు ప్రకటన చెప్పుచున్నది.

ఆ సాయంకాలమే వాషింగ్టను ఫెడరల్ న్యాయాధీశుడు జేమ్స్ బోస్‌బర్గ్ ఎదుట విచారణ జరిగెను. విమానములు గాలిలో ఉన్నచో వెనుకకు మరలింపుడని ఆయన ఆజ్ఞాపించెను. అప్పటికి రెండు విమానములు ఆకాశమున నున్నవి. మూడవది ఆజ్ఞ లిఖిత రూపమున వెలువడిన పిమ్మట బయలుదేరెను. ఏదియు మరలలేదు. మూడింటిలో కలిసి 238 మంది వెనిజులా దేశీయులు, 23 మంది ఎల్ సాల్వడోరు దేశీయులు ఉండిరి. ఆ వెనిజులా వారిలోను పాత చట్టము క్రింద పంపబడినవారు 137 మందే. తక్కినవారిని సామాన్య వలస చట్టము క్రిందనే పంపితిమని ప్రభుత్వము చెప్పెను. అయినను అందరును చేరిన చోటు ఒక్కటే: 2023లో తెరచిన, 40,000 మంది పట్టునని చెప్పబడు టెకొలూకా మహా కారాగారము. వారిని ఉంచుకొన్నందుకు ఎల్ సాల్వడోరునకు అమెరికా చెల్లింప నొప్పుకొన్న సొమ్ము సుమారు 60 లక్షల డాలర్లు.

వీరు ముఠావారని ఎట్లు తేల్చిరి? అధికారులు వాడిన పత్రము తరువాత కోర్టులో బయటపడెను. అదొక మార్కుల పట్టిక. ఎనిమిది మార్కులు వచ్చినవాడు ముఠా సభ్యుడు. ముఠా గుర్తుగా తోచిన పచ్చబొట్టునకు నాలుగు మార్కులు. కిరీటము, గులాబి, గడియారము వంటి బొమ్మలు అనుమానమునకు తావిచ్చెను. పచ్చబొట్టు పొడిపించుకొనని అవ్వ లేని పల్లెలు మన దేశమున ఒకప్పుడు అరుదు; చేతిమీది బొమ్మను బట్టి మనిషి నడత చెప్పగల సోదెకత్తె మాత్రము ఎక్కడను కనబడలేదు. పంపబడినవారిలో పలువురికి అమెరికాలో నేర చరిత్ర లేదని వలస శాఖాధికారియే కోర్టుకు వ్రాసి యిచ్చిన ప్రమాణ పత్రములో ఒప్పుకొనెను. వారు దేశమునకు వచ్చి ఎంతో కాలము కానందున నేర చరిత్ర లేకపోవుట వింతకాదని కూడ అందులోనే వ్రాసెను. నేరము చేసినట్లు రుజువు లేకపోవుటయే ప్రమాదమునకు రుజువుగా మారిన ఈ తర్కము న్యాయశాస్త్రము చదివినవారికి జీర్ణము కాదు.

ప్రభుత్వ పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. 2014 తరువాత వెనిజులా నుండి 70 లక్షలకు పైగా జనము దేశము విడిచిపోయిరి. అంత పెద్ద ప్రవాహములో దుర్మార్గులు కొందరు కలసి రాకుండుట అసంభవము; ఆ ముఠా చేసిన నేరములు కల్పన కావు. వెనిజులా ప్రభుత్వము తన ప్రజలను తిరిగి తీసికొనుటకు ఒకమారు ఒప్పుకొనుచు, ఒకమారు నిరాకరించుచు వచ్చెను. స్వదేశమే తలుపు మూసినప్పుడు పంపదలచిన దేశము ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు. కాని ఆ చిక్కు పంపు దేశమునకును పుచ్చుకొను దేశమునకును నడుమనున్నది. దానికి మూడవ దేశపు చెరసాల ఎట్లు పరిష్కారమగునో ఎవరును తృప్తికరముగా వివరింపలేదు.

న్యాయస్థానముల కథ దీర్ఘమైనది. ముఖ్యమైనంతవరకు చెప్పుదును. ఏప్రిల్ 7వ తేదీన సుప్రీం కోర్టు బోస్‌బర్గు ఆజ్ఞను కొట్టివేసెను. నిర్బంధితులు తామున్న జిల్లాలోనే హెబియస్ కార్పస్ వేసికొనవలెనని ఐదుగురు న్యాయమూర్తులు చెప్పిరి. అయితే పంపుటకు ముందు నోటీసు, కోర్టుకు పోవుటకు తగిన వ్యవధి ఉండి తీరవలెనన్న విషయమున తొమ్మండుగురును ఏకమైరి. ఏప్రిల్ 19వ తేదీన తెల్లవారకముందే టెక్సాసులోని మరికొందరి ప్రయాణమును అదే కోర్టు ఆపెను. ఇది ఇక ముందు పోవలసినవారికి అక్కరకు వచ్చినది. అప్పటికే పోయినవారి మాట ఏమి?

ఇక్కడనే అసలు ముడి. మేరీలాండులో కాపురమున్న ఎల్ సాల్వడోరు దేశీయుడొకనిని ఆ దేశమునకు పంపరాదని 2019లోనే వలస న్యాయాధీశుడు తీర్పునిచ్చెను. అయినను మార్చి 15 నాటి విమానములో అతడును పోయెను. అది పరిపాలనాపరమైన పొరపాటని ప్రభుత్వమే ఒప్పుకొనెను. అతని రాకకు మార్గము సుగమము చేయుడని సుప్రీం కోర్టు ఏప్రిల్ 10వ తేదీన చెప్పెను. ప్రభుత్వము, 'అతడు ఇప్పుడు పరరాజ్యము చేతిలో నున్నాడు, మేమేమి చేయగలము?' అన్నట్లు వాదించెను. నాలుగు దినములకు శ్వేతసౌధమున కూర్చుండి ఎల్ సాల్వడోరు అధ్యక్షుడు నయీబ్ బుకేలే తాను అతనిని పంపనని చెప్పెను. తుదకు జూన్ 6వ తేదీన అతడు తిరిగి వచ్చెను, కొత్త నేరారోపణ నెదుర్కొనుటకై.

వెనిజులా వారిని గూర్చియు ప్రభుత్వపు వాదము ఇదియే: వారు ఎల్ సాల్వడోరు ఖైదీలు. అయితే ఐక్యరాజ్యసమితికి చెందిన ఒక పరిశీలక బృందము అడిగినప్పుడు ఎల్ సాల్వడోరు ఏమని బదులిచ్చెను? వీరిపై న్యాయాధికారమును బాధ్యతయు పూర్తిగా విదేశ ప్రభుత్వమువే యని. ఈ జవాబు జూలై 7వ తేదీన అమెరికా కోర్టు ముందునకు వచ్చెను. నీ చేతిలో నున్నారని ఒకరు, కాదు నీ చేతిలోనే యని మరొకరు. లోపల 252 మంది ఉండిరి. తలుపు తట్టుటకు వారికి ఏ దేశపు కోర్టును లేదు.

వారి తల్లిదండ్రుల స్థితి మరింత శోచనీయము. ఎవరెవరిని పంపిరో ప్రభుత్వము పేర్లు ప్రకటింపలేదు. నిర్బంధితుల జాడ తెలుపు అమెరికా దస్తరములో పేరు వెదకిన లేదు. మార్చి 20వ తేదీన ఒక అమెరికా వార్తాసంస్థ తనకు చిక్కిన 238 పేర్ల పట్టికను వెలువరించిన పిదపనే పలు కుటుంబములకు కొడుకు ఎక్కడ ఉన్నాడో నిర్ధారణ అయ్యెను. పట్టిక అన్నది ఎంత చిన్న వస్తువు, ఎంత పెద్ద రక్ష!

మన తీరమున దీని విలువ తెలిసిన ఇండ్లు కలవు. శ్రీకాకుళము మొదలగు జిల్లాలనుండి గుజరాతు పడవలలో పనికి పోయిన మన మత్స్యకారులు 2018 చివర సముద్రమున సరిహద్దు దాటిరని పాకిస్తానుకు పట్టుపడిరి. నీటిమీద గీత ఎవరికి కనబడును? వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా వద్ద మన నేలమీద అడుగిడిరి. ఆ ఏడాదికిపైగా కాలము ఆ కుటుంబముల కెట్లు గడచెనో ఊహించుట కష్టము కాదు. భారత పాకిస్తానులు తమ తమ జైళ్లలోనున్న అవతలి దేశపువారి పేర్ల పట్టికలను 2008 నాటి ఒప్పందము ప్రకారము ఏటేట జనవరి 1, జూలై 1 తేదీలలో ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. మాటలు లేని కాలములోను ఈ ఆచారము నిలిచినది. పట్టికలో పేరున్నవాని కొరకు అడుగుటకు ఒక ప్రభుత్వము ఉండును.

ఏప్రిల్ 20వ తేదీననే బుకేలే బహిరంగముగా ఒక ప్రతిపాదన చేసియుండెను. తనవద్దనున్న 252 మంది వెనిజులా వారిని ఇచ్చెదననియు, అంతే సంఖ్యలో రాజకీయ ఖైదీలను వెనిజులా విడువవలెననియు దాని సారము. ఆనాటి వెనిజులా అధ్యక్షుడు మదూరో ప్రభుత్వము దానిని నిరసించెను. కాని బేరము చావలేదు. జూలై 18వ తేదీన 252 మందియు కరకాసు చెంతనున్న విమానాశ్రయమున దిగిరి. అదే దినమున వెనిజులాలో నిర్బంధమున నున్న 10 మంది అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు విడుదలైరి. వెనిజులా జైళ్లనుండి రాజకీయ ఖైదీలు పలువురు బయటకు వచ్చిరి. పరరాజ్యము చేతిలో నున్నవారిని కదల్పలేమని కోర్టులో చెప్పిన ప్రభుత్వమే ఒక్క దినములో అందరిని కదల్చగలిగెను. ఈ సంగతి న్యాయవాదుల కంట పడకపోలేదు.

విడుదలయైన పదుగురిలో ఒకడు 2016లో మాడ్రిడ్ నగరమున ముగ్గురిని హత్య చేసినందుకు వెనిజులా కోర్టు శిక్షించినవాడు. స్పెయినులో ఇది తెలిసినప్పుడు కలిగిన విస్మయము మాటలకు అందదు. నేరము రుజువైన హంతకుడు స్వేచ్ఛ పొందుటకు, ఏ కోర్టును నేరస్థులని తేల్చని పలువురు వెల అయిరి. బేరములో తూకమే గాని తీర్పు ఉండదు.

ఇట్టి బేరములు బేరములకే దారితీయును. 2022 అక్టోబరులో మదూరో భార్యకు మేనల్లుండ్రయిన ఇద్దరు ఖైదీలను ఇచ్చి అమెరికా ఏడుగురిని తెచ్చుకొనెను. 2023 డిసెంబరులో మదూరోకు ఆప్తుడైన వ్యాపారిని ఇచ్చి పదిమందిని తెచ్చుకొనెను. 2025 జనవరి చివర మరి ఆరుగురు వచ్చిరి. జూలై నాటికి మరల పదిమంది లోపల ఉండనే ఉండిరి. వెనుకటి జర్మనీ కథయు ఇట్టిదే. 1963 మొదలు 1989 వరకు పశ్చిమ జర్మనీ తూర్పు జర్మనీ జైళ్లనుండి దాదాపు 33,000 మంది రాజకీయ ఖైదీలను విలువ చెల్లించి విడిపించెను. 1977 తరువాత తలకు వెల 95,847 మార్కులు. విడుదలయైనవారికి అది పునర్జన్మ, కాదనువాడు నిర్దయుడు. అయినను వెల నిలకడగా వచ్చు సరుకును ఉత్పత్తి చేయకుండుటకు అమ్మువానికి ప్రత్యేక కారణమేమి కలదు?

1798 నాటి చట్టమునకును మార్పిడికిని పాత చుట్టరికము ఒకటి కలదు. దాని కొస మన దేశపు తీరమును తాకును. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికా ప్రభుత్వము పెరూ మొదలగు దక్షిణ దేశములనుండి 2,200 మందికి పైగా జపాను సంతతివారిని తెప్పించి టెక్సాసు మొదలగు చోట్ల శిబిరములలో ఉంచెను. జపాను చేతికి చిక్కిన అమెరికనులకు బదులుగా ఇచ్చుటకు మనుష్యులు కావలసియుండిరి. త్రోవలో వారి పాస్‌పోర్టులు లాగికొని, దిగిన తరువాత పాస్‌పోర్టులు లేక దేశమున ప్రవేశించిరని వారిపై నేరము మోపిరి! వారిలో 800 మందికి పైగా రెండు మార్పిడులలో జపానునకు పోయిరి. మొదటిది 1942లో ఆఫ్రికా తీరమున లొరెన్సో మార్కెస్ రేవులో జరిగెను. రెండవది 1943 అక్టోబరులో, నాడు పోర్చుగీసువారి క్రిందనున్న గోవాలోని మర్ముగోవా రేవులో జరిగెను. స్వీడను ఓడ గ్రిప్స్‌హోమ్ ఒకవైపు, జపాను ఓడ ఒకవైపు నిలువగా, వారు దీనినుండి దానిలోనికి, వీరు దానినుండి దీనిలోనికి నడచిరి. జపాను ఎన్నడును చూడని పిల్లలు కూడ ఆ పోయినవారిలో కలరు. యుద్ధము ముగిసిన పిదప మిగిలినవారిని పంపివేయుటకు ఈ శత్రుదేశీయుల చట్టమునే వాడిరి. వారికి అమెరికా ప్రభుత్వము క్షమాపణ చెప్పి తలకు 5,000 డాలర్ల పరిహారము ఇచ్చుటకు ఒప్పుకొన్నది 1998లో.

జూలై మార్పిడిలో మరొక చిక్కు కలదు. ఆ 252 మందిలో కొందరు అమెరికాలో శరణు కోరినవారు. వారి దరఖాస్తులు విచారణలో నుండగనే పంపబడిరి. ప్రాణభయము గల చోటికి మనుష్యుని బలవంతముగా త్రోయరాదని 1951 నాటి శరణార్థుల ఒడంబడిక చెప్పుచున్నది. హింసకు గురియగు దేశమునకు పంపరాదని 1984 నాటి హింసా నిషేధపు ఒడంబడిక చెప్పుచున్నది. ఏ ప్రభుత్వమునకు వెరచి శరణు కోరిరో ఆ ప్రభుత్వమునకే మార్పిడి వారిని అప్పగించెను. ఇంటికి పోవుచున్నారని సంతసించితిమి. అందరికిని ఆ ఇల్లు క్షేమమైనదో కాదో అడిగిన విచారణ జరుగలేదు.

వారిలో 40 మందితో మాటలాడి హ్యూమన్ రైట్స్ వాచ్, క్రిస్టోసాల్ అను సంస్థలు 2025 నవంబరులో నివేదికను ప్రకటించినవి. టెకొలూకాలో అడుగిడిన నాటినుండియు తమను తరచు కొట్టిరని వారు చెప్పిరి. డిసెంబరు 22వ తేదీన న్యాయాధీశుడు బోస్‌బర్గ్, ఆ పాత చట్టము క్రింద పంపబడిన 137 మందికి న్యాయ ప్రక్రియ దక్కలేదని తీర్పునిచ్చి, తమపై మోపిన మాటకు వారు సమాధానము చెప్పుకొను అవకాశమును ఎట్లు కల్పించెదరో తెలుపుడని ప్రభుత్వము నడిగెను. అప్పటికి వారు చెర విడిచి ఐదు నెలలు దాటినది. ముఠావారన్న మాట మాత్రము ఏ విచారణలోను నిగ్గు తేలక వారి పేర్ల ప్రక్కన అట్లే ఉన్నది.